ఎండురొయ్యల మీద తీర్మానం

పోయిన నెల ఆవిడ పోయింది. టెక్సాస్‌లో, ఇర్వింగ్‌లో, కూతురింట్లో. తొంభైకి దగ్గర పడిన మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయింది. అందుకు నాకు కోపం లేదు. ఆ క్యూలో నేనూ నిలబడే ఉన్నాను. నా కోపమంతా ఆ కార్డు మీద.

కూతురు నా ఫోన్‌కి సంస్మరణ కూటం కార్డు పంపింది. అందులో ఆవిడ మెడలో ముత్యాల దండ, భుజాన లేతరంగు శాలువా. నవ్వు కూడా ఎవరో అద్దెకిచ్చినట్టుంది. కింద బంగారు అక్షరాలతో ఇంగ్లీషులో ఒక వాక్యం. ఆమె ఉన్నతమైన అభిరుచి గల మహిళ అని దాని తాత్పర్యం.

ఉన్నతమైన అభిరుచట! డిల్ పికిల్స్ సీసాలో కాయలు అయిపోయాక మిగిలిన ఉప్పునీళ్ళు ఫ్రిజ్ ముందు నిలబడి గటగటా తాగే మనిషికి అభిరుచేమిటి? నాలుక చురుక్కుమనిపించే ఒక్క రుచి ఉంటే చాలనే మనిషి. కూతురికి ఫోన్ చేశాను. కూటం అయ్యాక భోజనం ఏం పెట్టారమ్మా అని అడిగాను.

"శాండ్‌విచ్ ట్రేలు ఆర్డర్ చేశాం అంకుల్. ఫ్రూట్ కూడా పెట్టించాం. వెరీ నీట్‌గా జరిగింది."

శాండ్‌విచ్‌లు! చల్లటి రొట్టె ముక్కలు! ఆవిడ పేరు మీద! ఫోన్ పెట్టేసి పది నిమిషాలు హాల్లో అటూ ఇటూ తిరిగాను. మా ఆవిడ వంటింట్లోంచి, "బీపీ మాత్ర వేసుకున్నారా?" అంది. ఈ వయసులో మనిషికి కోపం వస్తే ఎవరూ కారణం అడగరు, మాత్ర అడుగుతారు.

ఆవిడ పేరు రాయను. నేను చేసిన ఒక నిర్వాకం గురించి రాయబోతున్నాను. దాని పక్కన ఆవిడ పేరు ఉండకూడదు.

డెబ్బైల చివర, షికాగో పక్క నేపర్‌విల్‌లో మా తెలుగు సంఘానికి సొంత చర్చి లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళ బేస్‌మెంట్ మాకు వాడుకోనిచ్చేవారు. మూడొందల మందిమి ఉండేవాళ్ళం. సరే, అరవై. చంటిపిల్లల్నీ, విజిటింగ్ మీద వచ్చిన అత్తగార్లనీ కలిపి అరవై. ఆరాధన అయ్యాక ఎవరింటి గిన్నెలు వాళ్ళు బల్ల మీద పెడితే అందరం కలిసి తినేవాళ్ళం.

ఆవిడ నర్సు. షికాగోలో పెద్దాస్పత్రిలో రాత్రి డ్యూటీ. భర్తా పిల్లలూ నర్సాపురంలో వీసా కోసం ఎదురుచూస్తున్నారు. వారంలో ఆరు రోజులు ఆస్పత్రి క్యాంటీన్‌లో నిలబడి ఏదో ఒకటి మింగేది. ఏడో రోజు మాత్రం డ్యూటీ దిగి, పడుకోకుండా వండి, ఓడంత పాత స్టేషన్ వ్యాగన్‌లో గిన్నెలకి సీటు బెల్టులు కట్టి, స్టీరింగ్ మీదుగా కళ్ళు మాత్రమే కనపడేంత పొట్టి మనిషి, ముప్ఫై మైళ్ళు డ్రైవ్ చేసుకుని వచ్చేది. చీర కింద తెల్లటి నర్సు బూట్లు. పైన మగవాళ్ళ ఊలు కోటు. మనిషి దగ్గరికొస్తే సగం డెట్టాల్, సగం పోపు. వారం మొత్తానికి మనుషుల మధ్య కూర్చుని ఆవిడ తినే వేడన్నం ఆ ఒక్క పూటే. నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క పూట గురించే.

వచ్చీ రాగానే హ్యాండ్‌బ్యాగ్‌లోంచి గాజుగుడ్డలో చుట్టిన స్టీలు చెంచా తీసేది. బల్ల ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ప్రతి గిన్నె మూతా ఎత్తి రుచి చూసేది. అదీ ఎప్పుడు? పాస్టరు గారు ఇంకా భోజన ప్రార్థన చెయ్యకముందే.

"సిస్టర్, ఒక్క నిమిషం ఆగండమ్మా, ఆశీర్వాదం కానివ్వండి" అనేవారు పాస్టరు గారు.

"ఆశీర్వదించమని దేవుణ్ణి అడిగేముందు ఇందులో ఉప్పుందో లేదో మనం చూసుకోవద్దా పాస్టరు గారూ? ఊరికే ఆయన మీద భారం వేస్తే ఎలా?"

చెంచా ప్రతిసారీ కడిగేది, అది చెప్పాలి. నర్సు కదా. గిన్నె దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళ గుండెలు మాత్రం పరీక్షా ఫలితాల రోజులా కొట్టుకునేవి. మా ఆవిడ సాంబారు చెంచాడు నోట్లో పోసుకుని కాసేపు కళ్ళు మూసుకుంది ఒకసారి. "ఏవమ్మా, ఇది రోజుకి ఎన్నిసార్లు తాగాలి?" అంది. మా ఆవిడ నాలుగు వారాలు ఆవిడతో మాట్లాడలేదు. ఐదో వారం మళ్ళీ సాంబారు తెచ్చి, తనే మూత ఎత్తి చూపించింది. ఆవిడ రుచి చూసి ఏమీ అనకుండా పక్క గిన్నెకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చేదాకా కారులో మా ఆవిడ పాటలు పాడుతూనే ఉంది.

మన చేత రుచి చూపించేటప్పుడు చెంచా ఇచ్చేది కాదు. "చెయ్యి పట్టు" అని అరచేతిలో చుక్క వేసేది. మనం నాకుతుంటే మన మొహం చూసేది. 'బాగుంది' అన్నామో, అయిపోయామన్నమాటే.

"బాగుంది అనే మాట నేను రోజూ నలభైమంది రోగులకి చెప్తాను బ్రదరూ. రంగు బాగుంది, నాడి బాగుంది, రేపటికి లేచి కూర్చుంటారు అని. నువ్వు నాకు చెప్పకు. పులుపు చాలిందా లేదా అది చెప్పు."

పులుపంటే పిచ్చి. గోంగూర దొరకని దేశం. పప్పులో క్రాన్‌బెర్రీలు వేసి చూసింది. ఎవరి పెరట్లోనో పుల్లటి రూబార్బ్ కాడలు కనపడితే తలుపు కొట్టి అడిగి తెచ్చుకుని పచ్చడి చేసింది. సూపర్‌మార్కెట్‌లో ఆకుకూరల వరసలో నడుస్తూ ప్రతి ఆకూ తుంచి కొరికేది. మేనేజర్ వచ్చి ఏం చేస్తున్నారు మేడమ్ అంటే, "ఏ ఆకు పుల్లనో మీరు రాసిపెట్టలేదు కాబట్టి నేనే కనుక్కుంటున్నాను" అని ఇంగ్లీషులో చెప్పింది. మెక్సికన్ల కొట్లో ఎండురొయ్యలు కనిపెట్టిన రోజున మా ఇంటికి ఫోన్ చేసింది. "మన సముద్రం వీళ్ళకీ ఉందయ్యా!" ఆ గొంతులో ఏడుపుందని అప్పుడు నాకు తెలియలేదు.

అందరి నాలుకలూ తన నాలుకలాగే ఉండాలనుకునేది, అదీ చెప్పాలి. తీపి తినేవాళ్ళని చంటిపిల్లల కింద లెక్కేసేది. కూరలో కరీ పౌడర్ డబ్బా వాడినవాళ్ళ పేర్లు వరసగా చెప్పగలదు, ఏ ఆదివారం వాడారో కూడా చెప్పగలదు. భరించడం కష్టమే. భరించేవాళ్ళం. ఎందుకంటే ఆవిడ గిన్నె మూత తీశాక మిగతా గిన్నెల వైపు ఎవరూ చూసేవారు కాదు.

ఇప్పుడు ఇంకో రకం రుచి గురించి చెప్పాలి. ఒళ్ళు మండుతోంది గానీ చెప్పాలి.

ఆ రోజుల్లోనే మా వాళ్ళల్లో 'టేస్ట్' అనే మాట బయల్దేరింది. ఫలానా ఆయనకి మంచి టేస్ట్, ఫలానావాళ్ళకి టేస్ట్ లేదు. ఈ టేస్ట్‌కీ నోటికీ ఏమీ సంబంధం లేదు. కర్టెన్లు టేస్ట్. లేత గోధుమరంగు టేస్ట్. ఇంట్లో అడుగుపెట్టినవాడికి మనం ఏ ఊళ్ళో పుట్టామో ఆనవాలు దొరక్కపోతే అది మహా గొప్ప టేస్ట్. ఆ లెక్కన మా సంఘ పెద్ద, డాక్టరు గారు, అందర్లోకీ గొప్ప టేస్ట్ ఉన్న మనిషి. వాళ్ళింటికి భోజనానికి వెళ్తే అన్నీ తెల్లగా ఉండేవి. కార్పెట్టు తెలుపు, సోఫా తెలుపు, కోడికూర కూడా తెలుపే.

ఒకసారి ఆవిడనీ పిలిచారు. ఆవిడ కోడి ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలి, "డాక్టరు గారూ, ఈ కోడి ఏ జబ్బుతో పోయింది పాపం? ఒంట్లో చుక్క ఉప్పు లేదు" అంది.

డాక్టరు గారి భార్య నవ్వు తెచ్చుకుని, "మేం లైట్‌గా తింటాం సిస్టర్" అంది.

"లైటా? ఇక్కడ కరెంటే పోయిందమ్మా."

హాలు గోడ మీద పెద్ద సముద్రం పెయింటింగ్. దాని ముందు ఆవిడ చాలాసేపు నిలబడింది. వచ్చేటప్పుడు కారు దగ్గర నాతో అంది. "సముద్రం గోడకి ఉండొచ్చట. చేప పొయ్యి మీద ఉండకూడదట. ఈయన మా పక్కూరివాడేనయ్యా, వాళ్ళ నాన్న వల వెయ్యడం నేను చూశాను. ఆ నాలుక ఎక్కడ పారేసుకున్నాడో."

నేను పెద్దగా నవ్వాను. నా ఇంట్లో కర్టెన్లు కూడా లేత గోధుమరంగేనని ఆవిడకి చెప్పలేదు.

ఒక చలికాలం ఆదివారం, పైన పెద్దహాల్లో అమెరికన్ల పెళ్ళి. కింద బేస్‌మెంట్‌లో మా ఆరాధన. ఆవిడ వంకాయ ఎండురొయ్యల కూర తెచ్చింది. చలికి గడ్డకట్టిందని బేస్‌మెంట్ వంటగది పొయ్యి మీద వేడి పెట్టింది. మన ఊళ్ళో వంట వాసన కిటికీలోంచి వీధిలోకి పోతుంది. ఈ దేశంలో కిటికీలు బిగించి ఉంటాయి, వేడిగాలి గొట్టాలు గోడల్లో ఉంటాయి. పొయ్యి పక్కనే ఉన్న గొట్టం ఆ వాసన మొత్తాన్నీ పీల్చుకుని, పైనున్న ప్రతి బెంచీ కిందా భక్తిగా వదిలిపెట్టింది. సరిగ్గా పెళ్ళికూతురు నడిచొస్తున్నప్పుడు.

తర్వాత జరిగింది నేను ముప్ఫై ఏళ్ళుగా ఎన్నో డిన్నర్లలో చెప్పాను. పై చర్చి నుంచి మా సంఘానికి ఉత్తరం వచ్చింది: మీ కంపు వంటలు మానండి, లేకపోతే బేస్‌మెంట్ ఖాళీ చెయ్యండి అని. మా కమిటీ నలుగురం కూర్చున్నాం. డాక్టరు గారు వంటలు మానేద్దామన్నారు. సెక్రటరీనైన నేను లేచి బల్ల గుద్దాను. "తిండికి సిగ్గుపడే సంఘం నాకొద్దు, కావాలంటే మంచులో గుడారం వేసుకుందాం!" అన్నాను. కానీ ఓటింగులో ముగ్గురి ముందు ఒక్కణ్ణి ఓడిపోయాను. ఇదీ కథ. చెప్పినకొద్దీ నా పిడికిలి పెద్దదైంది. కిందటేడు చెప్పినప్పుడు బల్ల విరిగింది కూడా.

బల్ల విరగలేదు. గుద్దలేదు కూడా. అసలు ఓటింగే జరగలేదు. నలుగురం ఒక్క మాట మీదున్నాం.

అది కూడా పూర్తి నిజం కాదు. పూర్తిగా చెప్తాను.

ఆ ఆదివారం నేను కింద లేను. పైన ఉన్నాను. పెళ్ళికూతురు మా ఆఫీసులో నా పైఅధికారి కూతురు. నన్ను పిలిచారు. కొత్త సూటు కుట్టించుకుని వెళ్ళాను. మా ఆవిడని రమ్మంటే, "నాకు కింద పనుంది" అని కూర గిన్నెతో బేస్‌మెంట్ మెట్లు దిగింది. పైన నాలుగో బెంచీలో కూర్చున్నాను. సంగీతం మొదలైంది. అప్పుడు వచ్చింది ఆ వాసన, నా కాళ్ళ దగ్గరున్న గొట్టంలోంచి, నన్ను పేరు పెట్టి పిలిచినట్టు.

పక్కావిడ ముక్కు ముడిచి నావైపు వంగింది. ఏమిటా వాసన, మీకేమైనా తెలుసా అని గుసగుసగా అడిగింది. నేనూ ముక్కు ముడిచాను. నాకేం తెలియదన్నాను. ముందు బెంచీ ఆయన తిరిగి అడిగాడు. ఆయనతో కూడా నాకు తెలియదనే అన్నాను. ప్రభువుని ఎరగనన్న శిష్యుడికి కూసినట్టు కోడి కుయ్యలేదు గానీ, పైన గంట మోగింది.

తెలియకపోవడమేమిటి! నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ తెలిసిన వాసన అది. బందరు పక్క మా పేటలో మా అమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మి నన్ను మిషన్ స్కూల్లో చదివించింది. స్కూల్లో నా పక్కన కూర్చునేవాడు నా చొక్కా వాసన చూసి జరిగి కూర్చునేవాడు. వాడు జరిగిన ఆ జానెడు బెంచీ నాకింకా గుర్తుంది. పదివేల మైళ్ళు వచ్చి సూటు వేసుకున్నాక, మళ్ళీ ఎవరో నా పక్కన జరుగుతారేమోనని భయపడ్డాను. అంతే. అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు.

ఇక ఉత్తరం. ఉత్తరం వచ్చిన మాట నిజం. నాలుగే వాక్యాలు. పై పాస్టరు సొంత చేత్తో రాశాడు. మీ వంట వాసన గొట్టాల్లోంచి పైకి వస్తోంది, పైన ఏదైనా కార్యక్రమం ఉన్న రోజున వంటగది తలుపు మూసి, ఫ్యాన్ వేసుకుంటే మంచిది, మీరు మాతో ఉండటం మాకు సంతోషం, అన్నట్టు ఆ వంటకం పేరేమిటి? ఇంతే. మానమనలేదు. ఖాళీ చెయ్యమనలేదు. కంపు అనలేదు. పేరు అడిగాడు మహానుభావుడు!

ఉత్తరాలు చదివి చెప్పడం సెక్రటరీ పని. కమిటీకి నేను ఉత్తరం చూపించలేదు, చెప్పాను. వాళ్ళు చాలా నొచ్చుకున్నారన్నాను. ఇలా అయితే ఈ చోటు ఉండదన్నాను. చెప్తూ చెప్తూ నేనే నమ్మాను. పెంచి చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే. అదివరకు దానివల్ల చేపలు పొడుగయ్యేవి, పాములు లావయ్యేవి, ఎవరికీ నష్టం ఉండేది కాదు.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక తీర్మానం నేనే చదివాను. వేడి చెయ్యవలసినవి, వాసన గలవి ఇకమీదట తీసుకురాకూడదు. శాండ్‌విచ్‌లు, సలాడ్లు, చిప్స్ తేవచ్చు.

ఆవిడ వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి వింది.

"వాసన లేని వంటకం ఏది బ్రదరూ? ఒక్కదాని పేరు చెప్పు."

నేను కాగితంలోకి చూశాను. డాక్టరు గారు అందుకున్నారు. "మాకరోనీ సలాడ్ ఉంది కదా సిస్టర్. అందరికీ పడుతుంది."

"అది వంటకం కాదు డాక్టరు గారూ. అది పథ్యం."

ఎవరూ నవ్వలేదు. మామూలుగా అయితే గది ఎగిరిపోయేది. ఆవిడ అరవై మొహాలూ ఒక్కొక్కటే చూసింది. పొయ్యి కట్టేసి, కోటు వేసుకుంది.

ఆ తర్వాతి ఆదివారం బల్ల మీద మాకరోనీ సలాడ్లు తొమ్మిది. ఎవరికి వాళ్ళు వేరే ఎవరైనా ఇంకేదో తెస్తారనుకున్నారు. ప్రార్థన అయింది. ప్లేటు పట్టుకుని చూస్తే గదిలో సగం మంది లేరు. బేస్‌మెంట్ కిటికీలు నేల మట్టానికి ఉంటాయి, వాటిలోంచి బయట నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనపడతాయి. మంచులో బూట్లు. వరసగా బూట్లు. ఆవిడ పార్కింగ్ లాట్‌లో వ్యాగన్ వెనక తలుపు ఎత్తి, దుప్పట్లలో చుట్టి తెచ్చిన గిన్నెల మూతలు తీసి వడ్డిస్తోంది. తెల్లటి ఆవిరి కిటికీ దాకా వచ్చింది. మనుషులు మంచులో నిలబడి వేళ్ళు కొంకర్లు పోతున్నా చేత్తోనే తింటున్నారు.

ఆ వరసలో మూడో జత ఎర్ర బూట్లు. అలాంటివి మా సంఘంలో ఒక్కరికే ఉన్నాయి. నేనే కొనిపెట్టాను. మా ఆవిడవి.

మాకరోనీ నమలడం మొదలుపెట్టాను. దానికి నమలవలసిన అవసరం లేదు, అయినా నమిలాను. కాసేపటికి మా ఆవిడ లోపలికొచ్చి, ముక్కు ఎర్రగా, వేళ్ళు ఇంకా పసుప్పచ్చగా, నా ఎదురుగా కూర్చుంది.

"నాకేమీ తేలేదా?" అన్నాను, ఆఖరికి సిగ్గు విడిచి.

"తీర్మానం రాసినవాళ్ళకి పెట్టనంది."

"అలా అందా!"

"లేదు. అందరికీ పెట్టమంది, మీకో గిన్నె కట్టి కూడా ఇచ్చింది. నేనే తినేశాను."

మూడు ఆదివారాలు అలా నడిచింది. నాలుగో ఆదివారానికి డాక్టరు గారు, పార్కింగ్ లాట్ కూడా పై చర్చివాళ్ళదే కదా, రోడ్డు మీద పోయేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు అన్నారు. రెండో తీర్మానం కూడా నేనే రాశాను. ఈసారి ఆవిడ ఏమీ అడగలేదు.

ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం వచ్చేది. వెనక బెంచీలో కూర్చునేది. కోటు విప్పేది కాదు. ఆశీర్వాద వచనం అవుతుండగానే లేచి వెళ్ళిపోయేది. భర్తా పిల్లలూ వచ్చేదాకా ఆ ఒక్క పూట కూడా ఆవిడకి లేకుండా పోయింది. ఎక్కడ తినేదో నేను కనుక్కోలేదు. మా బల్ల మీదికి మాకరోనీ పోయి పిజ్జా వచ్చింది. మా పిల్లలు దాంతోనే పెద్దవాళ్ళయ్యారు. చర్చి భోజనమంటే అట్టపెట్టె అనుకునేవాళ్ళు. వాళ్ళకి మన తిండి ఎక్కదేమిటని మేం తల్లిదండ్రులం గుంపుగా కూర్చుని బాధపడేవాళ్ళం. ఎంత సిగ్గులేని బాధ!

ఎనభైల మధ్యలో ఆవిడ భర్తకి ఇర్వింగ్‌లో ఉద్యోగం వచ్చింది. ఇల్లు మారుతున్నారని తెలిసి నేనొక్కణ్ణే వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. గిన్నెలు న్యూస్‌పేపర్లలో చుట్టి పెట్టెల్లో సర్దుతోంది. నేనూ కూర్చుని ఒక మూకుడు చుట్టడం మొదలుపెట్టాను.

"అక్కయ్యా, మీకొక మాట చెప్పాలి."

"ఉత్తరం సంగతేనా?"

నా చేతిలో మూకుడు అక్కడే ఆగింది.

"ఆ వారమే పై పాస్టరు గారి దగ్గరికెళ్ళాను" అంది, పని ఆపకుండా. "నా వల్ల మీ చర్చిలో పెళ్ళి పాడైంది, క్షమించండి బాబూ అన్నాను. ఆయన తెల్లబోయాడు. తలుపు వేసుకోమన్నాను గానీ వంట మానమనలేదే అన్నాడు. కాపీ తీసి చూపించాడు. నాకూ ఇంగ్లీషొచ్చు బ్రదరూ. రోగుల చార్టులు నేను ఏ భాషలో రాస్తాననుకున్నావు?"

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు? నలుగురిలో నన్ను నిలబెట్టి కడిగెయ్యాల్సింది!"

అలా అంటుంటే నా గొంతులో కోపం ఉంది. ఆవిడ మీద కోపం! ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

ఆవిడ అప్పుడు నావైపు తిరిగింది.

"ఉత్తరంలో లేనిది చదివింది నువ్వొక్కడివే. అది విని హమ్మయ్య అనుకున్నవాళ్ళు ఎంతమందో నేను అక్కడే నిలబడి చూశాను. నీ అబద్ధం తీసేస్తే మాత్రం ఏముంది? హమ్మయ్య అలాగే ఉంటుంది. అందరితో నేనేం పోట్లాడతాను చెప్పు? రాత్రంతా రోగుల్తో పోట్లాడి వచ్చేదాన్ని."

 ఆవిడ నా చేతిలో మూకుడు తీసుకుని తనే చుట్టింది. నేను చుట్టింది సరిగా లేదు.

"ఇంత దూరం వచ్చావు గాబట్టి ఒకటి అడుగుతాను. వచ్చే ఆదివారం ఆఖరు. లేచి ఉన్నమాట చెప్పు. నన్ను పొగడక్కర్లేదు. ఉత్తరంలో ఏముందో అది చదువు, చాలు. ఆ రోజు ఒక్క కుండ వేడన్నం తెచ్చుకుని, ఆ పొయ్యి మీదే కూర కాచుకుని, ఆ బల్ల దగ్గర అందరితో కూర్చుని తిని పోవాలనుంది. ఒక్కసారి. నువ్వు చెప్పకుండా నేను గిన్నె దింపితే దొంగతనం చేసినట్టుంటుంది."

"తప్పకుండా అక్కయ్యా. ప్రమాణం" అన్నాను. కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. నాకు అవి తొందరగా వస్తాయి.

ఇంటికెళ్ళి పాత ఫైలు తీశాను. ఉత్తరం అందులోనే ఉంది. ఆదివారం కోటు లోపలి జేబులో పెట్టుకుని వెళ్ళాను. పార్కింగ్ లాట్‌లో ఆవిడ వ్యాగన్ కనపడింది. వెనక సీట్లో సీటు బెల్టు కట్టిన పెద్ద తపేలా ఒకటి, మూత మీద తువ్వాలు. ఆరాధన అయింది. ప్రకటనలు సెక్రటరీ చెప్పాలి. లేచాను. ముందు వరసలో డాక్టరు గారు, ఆయన భార్య, ఆ పక్కన ఆ మధ్యే సంఘంలో చేరిన కొత్త కుటుంబం, మా అబ్బాయికి పిల్లనిస్తారేమోనని మేం ఆశపడుతున్నవాళ్ళు. మంచి టేస్ట్ ఉన్న మనుషులు.

జేబులో చెయ్యి పెట్టాను. కాగితం తగిలింది. చెయ్యి అక్కడే ఉంచి అన్నాను: "మన సిస్టర్ గారి కుటుంబం టెక్సాస్ వెళ్తున్నారు. వాళ్ళ ప్రయాణం కోసం, అక్కడి ఉద్యోగాల కోసం ప్రార్థన చేసుకుందాం."

అందరూ తలలు వంచారు. నేనే ప్రార్థన చేశాను. చాలాసేపు చేశాను. ఆవిడ సేవలన్నీ ఒక్కొక్కటే ఎత్తి చెప్పాను, మధ్యలో కళ్ళు తుడుచుకోవడానికి రెండుసార్లు ఆగాను. అంత చక్కటి ప్రార్థన ఈమధ్య వినలేదని తర్వాత చాలామంది నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పారు.

ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి వెనక బెంచీ ఖాళీగా ఉంది. బయట వ్యాగన్ స్టార్ట్ చేసిన చప్పుడు అందరికీ వినపడింది.